నువ్వు కోరి చేసుకున్నదే కదా

ప్రేమించి పెళ్లి చేసుకున్న స్త్రీ తన కాపురంలోని ఇబ్బంది ఏదైనా ఒకరితో చెప్పుకోబోతే, ఎదురుగా ఉన్నది తల్లి అయినా, అక్క అయినా, పక్కింటావిడ అయినా, మొదట వచ్చే జవాబు దాదాపుగా ఒక్కటే: ‘నువ్వు కోరి చేసుకున్నదే కదా!’ ఈ మాట అనేవారందరికీ చెడ్డ ఉద్దేశం ఉంటుందని నేను అనను. చాలామంది ఓదార్పుగానే అంటారు. కానీ ఆ మాట విన్న మనిషి మళ్లీ నోరు విప్పదు. ప్రేమ వివాహం మంచిదా, పెద్దలు కుదిర్చిన వివాహం మంచిదా అన్న చర్చ మన ఇళ్లలోనూ పత్రికల్లోనూ దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. రెండు పద్ధతులనూ దగ్గరగా చూసిన మీదట నాకు ఆ చర్చలో తేలవలసిన తేడా వేరొకటి ఉందనిపిస్తుంది. మొదటి పద్ధతిలో పెళ్లయ్యాక గోడు వెళ్లబోసుకునే చోటు ఉండదు. రెండో పద్ధతిలో, అది ఎంత లోపభూయిష్ఠమైనదైనా, ఒక చోటు ఉంటుంది.

పెద్దలు కుదిర్చిన సంబంధంలో జవాబుదారులు చాలామంది ఉంటారు. సంబంధం తెచ్చిన మధ్యవర్తి ఉంటాడు, అబ్బాయి గుణగణాలు విచారించి వచ్చిన మేనమామ ఉంటాడు, కట్నకానుకల మాటలప్పుడు అరుగు మీద కూర్చున్న నలుగురు పెద్దమనుషులు ఉంటారు. మా పెదనాన్నగారి అమ్మాయి కాపురంలో ఒకసారి చిక్కు వచ్చింది. బావగారు ఇంట్లో చెప్పకుండా ఉద్యోగం మానేసి, నెలల తరబడి రోజూ టిఫిను డబ్బాతో బయటికి వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తూ ఉండేవారు. సంగతి బయటపడ్డాక, ఆ సంబంధం తెచ్చిన మా మేనమామ వారం వారం బస్సెక్కి రాజమండ్రి వెళ్లి, వాళ్ల హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని, బావగారి ముఖం చూస్తూ ‘ఈ వారం ఎక్కడెక్కడ తిరిగావు నాయనా?’ అని అడిగి వచ్చేవాడు. తాను తెచ్చిన సంబంధం చెడిపోతే తన మాట పోతుందన్న బెంగ ఆయనది. అందులో అక్క మీద ప్రేమ ఎంతో, తన పరువు మీద ప్రేమ ఎంతో నేను చెప్పలేను. అయినా అక్కకు ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉండడం పనికి వచ్చింది.

దీన్ని చూపించి పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లే మేలని వాదించడం నా ఉద్దేశం కాదు. పెద్దల్లో పెట్టిన తగాదాలు ఎలా తెగుతాయో మనకు తెలియనిది కాదు. నలుగురు మగవాళ్లు కాఫీలు తాగి, అబ్బాయిని రెండు మాటలు మందలించి, అమ్మాయిని మాత్రం ‘సర్దుకుపోవాలమ్మా, ఆడపిల్లవు’ అని సాగనంపడంతో అధిక భాగం ముగుస్తాయి. సర్దుకుపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్న అమ్మాయిలు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, ఆ పెద్దమనుషులే ఆ కట్నం లెక్కకు సాక్షులుగా కూర్చుంటారు. కాబట్టి ఆ ఏర్పాటును నేను పొగడడం లేదు. తలుపు తట్టడానికి అక్కడ ఒక తలుపంటూ ఉంటుందని మాత్రమే చెబుతున్నాను.

మాది కోనసీమ. మా ఆయనది వరంగల్ వైపు పల్లె. కులాలు వేరు, ఇంట్లో మాట్లాడే యాస వేరు, పండుగకు వండే పిండివంటలు వేరు. ఇద్దరం హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ పరిచయమయ్యాం, రెండు వైపులా ఒప్పుకోకపోవడంతో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నాం. ఆ చట్టం గురించి ఇప్పటి పిల్లలకు కూడా సరిగ్గా తెలియదు గనుక కొంచెం చెబుతాను. దంపతులు కాబోయేవారిలో కనీసం ఒకరు ముప్పై రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి ముందుగా నోటీసు ఇవ్వాలి. అధికారి దాన్ని నోటీసు పుస్తకంలో ఎక్కించి, ఒక ప్రతిని కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటించాలి. అప్పటి నుంచి ముప్పై రోజుల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వయసు చాలకపోవడం, అప్పటికే భార్యో భర్తో ఉండడం, నిషిద్ధమైన దగ్గరి బంధుత్వం ఉండడం వంటి కారణాలే అభ్యంతరాలుగా చెల్లుతాయి గాని, కులం నచ్చలేదన్నది చెల్లదు. గడువు తీరాక, నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల లోపు, ముగ్గురు సాక్షుల ఎదుట ఇద్దరూ ఒకరినొకరు చట్టబద్ధంగా స్వీకరిస్తున్నట్లు తమకు అర్థమయ్యే భాషలో పలికి సంతకాలు చేస్తే పెళ్లయినట్లే.

చదవడానికి ఎంతో సజావుగా కనిపించే ఈ పద్ధతిలో ఒక ముల్లు ఉంది. నోటీసు ఇచ్చిన జిల్లా కాకుండా వేరే జిల్లాలో స్థిరనివాసం ఉంటే, అక్కడి అధికారికి కూడా నోటీసు ప్రతిని పంపి అంటించవలసి ఉంటుంది. అలా మా నోటీసు మా జిల్లా కార్యాలయపు బోర్డు మీదికి చేరింది. ఆ వరండాలో దస్తావేజులు రాసుకునే ఒకాయన మా నాన్నగారికి ఎరిగినవాడు. నా పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు చదివి, పొలం రిజిస్ట్రేషను సంగతి చెప్పినంత మామూలుగా ఆయన ఫోను చేసి చెప్పాడట. నాన్నగారు ఆ రోజు భోజనం చేయలేదని అమ్మ చాలా కాలం తరువాత చెప్పింది. పెళ్లి చేసుకోబోతున్నవారి వివరాలను ఇలా గోడకు అంటించడం వారి స్వేచ్ఛకు భంగమని అలహాబాదు హైకోర్టు 2021లో అభిప్రాయపడి, కోరుకున్నవారికే నోటీసు ప్రకటించాలని చెప్పింది. మేము పెళ్లి చేసుకున్న నాటికి అలాంటి ఆలోచన కూడా ఎక్కడా వినిపించేది కాదు.

ఆ ముప్పై రోజులూ మేము ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. వయసు రుజువు కోసం పదో తరగతి సర్టిఫికెట్టు ఎవరి గదిలో దాచాలి, ముగ్గురు సాక్షుల్లో చివరి నిమిషంలో ఎవరు వెనక్కి తగ్గవచ్చు, మా అన్నయ్య హైదరాబాదు వస్తే ఎవరింట్లో ఉండాలి, పోలీసు స్టేషనుకు పిలిస్తే ఏ కాగితాలు చూపాలి అన్నవే మా సంభాషణలు. జీతాలు ఎలా ఖర్చు పెట్టుకుంటాం, ఎవరి తల్లిదండ్రులకు ఎంత పంపుతాం, పిల్లలు పుడితే ఉద్యోగం ఎవరు మానాలి లేదా అసలు ఎవరైనా మానాలా, వంట ఎవరిది అన్న మాటలు ఒక్కసారి కూడా రాలేదు. పెద్దలు కుదిర్చిన సంబంధంలో బంగారం తూకం దగ్గరి నుంచి ఆడపడుచు లాంఛనాల దాకా అన్నీ బేరమాడతారని మేము నవ్వుకునేవాళ్లం. మేము ఆడకుండా వదిలేసిన బేరాలు తరువాత ఒక్కొక్కటే మా వంటింట్లోకి వచ్చాయి. దీనికి మమ్మల్ని మేము నిందించుకోవలసిన పని లేదు. పెళ్లి జరగడమే గండంగా ఉన్నవారికి పెళ్లి తరువాతి సంగతులు ఆలోచించే తీరిక ఎక్కడిది?

గండం అన్నది అలంకారానికి వాడిన మాట కాదు. వయసు వచ్చిన స్త్రీపురుషులు తమకు నచ్చినవారిని పెళ్లాడవచ్చునని, కులాంతర వివాహం చేసుకున్నవారిని వేధించేవారి మీద పోలీసులు చర్య తీసుకోవాలని సుప్రీంకోర్టు 2006లో స్పష్టంగా చెప్పింది. 2018 మార్చిలో మరో తీర్పులో, ఇటువంటి జంటలకు రక్షణ గృహాలు, జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఆ తీర్పు వచ్చిన ఆరు నెలలకే మిర్యాలగూడలో, కూతురు కులం తక్కువవాణ్ణి చేసుకుందన్న కోపంతో తండ్రే కిరాయి మనుషుల చేత అల్లుణ్ణి చంపించిన ఘోరం జరిగింది. నల్లగొండ కోర్టు ఆ కేసులో 2025 మార్చిలో శిక్షలు విధించింది. మా ఇళ్లలో ఏడుపులు, శాపనార్థాలు, ఫోను పెట్టేయడాలు మాత్రమే జరిగాయి గనుక మేము అదృష్టవంతులమే.

పెళ్లయిన తరువాత వచ్చిన మొదటి సంక్రాంతి నాకు కళ్లకు కట్టినట్లు గుర్తుంది. గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడికి మొదటి సంక్రాంతి అంటే ఏమిటో తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. విస్తరి పట్టనన్ని వంటకాలు, మరదళ్ల వేళాకోళాలు, కోడిపందాలు, వీధిలో వారందరికీ అల్లుణ్ణి చూపించి తిప్పడాలు. ఆ ఏడు హైదరాబాదు మామూలుగానే ఖాళీ అయింది. విజయవాడ రోడ్డు మీద పంతంగి టోలుగేటు దగ్గర కార్లు బారులు తీరాయని టీవీలో చూపిస్తూ ఉంటే, మా ఆయన ఆ చానలు మార్చి క్రికెట్టు పెట్టారు. నేను అరిసెలు వండుదామని కూర్చుని పాకం ముదరబెట్టాను. రాళ్లలా వచ్చిన ఆ అరిసెలను పడేయకుండా ఆయన టీలో ముంచుకుని తినడం ప్రేమే అనుకుంటాను. కానీ ఆ పూట నాకు కావలసినది ఆయన ప్రేమ కాదు, అమ్మతో పది నిమిషాలు మాట్లాడి పాకం ఎక్కడ చెడిందో అడగడం. ఆ సంగతి ఆయనతో చెప్పలేకపోయాను. చెబితే, తన వల్ల నేను పోగొట్టుకున్నదాన్ని లెక్క చూపించినట్లు ఉంటుందని భయం.

ఇక్కడే ప్రేమ వివాహం మీద పడే అసలు బరువు ఉందని నా అభిప్రాయం. పుట్టిల్లు, స్నేహబృందం, బంధువర్గం అన్నీ ఒక్క మనిషిలోనే వెతుక్కోవలసి వస్తుంది. భర్త మీద కోపం వస్తే చెప్పుకోవలసింది ఆ భర్తకే. కక్షిదారు, వకీలు, న్యాయమూర్తి ఒక్కరే అయిన కచేరీలో న్యాయం ఎలా జరుగుతుంది? ఎంత మంచివాడైనా, ఎంత ప్రేమించినవాడైనా ఒక మనిషి అంత బరువు మోయలేడు.

ఆయనకూ అదే స్థితి అని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. వాళ్ల అన్నయ్యగారి గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు, వెళ్లాం. బట్టలు పెట్టేటప్పుడు వాళ్ల అమ్మగారు పెద్ద కోడలికీ ఆడపడుచులకూ కుర్చీలు వేయించి, బొట్టు పెట్టి ఇచ్చారు. నాకు మాత్రం పట్టుచీర కవరు గుమ్మం దగ్గర చేతిలో పెట్టి, మరో పని ఉన్నట్లు లోపలికి వెళ్లిపోయారు. నేను పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఆయన. ఆ సాయంత్రం నుంచి ఆయన మాట తగ్గిపోయింది, నిద్ర తగ్గిపోయింది, నా మీద ఊరికే విసుక్కోవడం పెరిగింది. నేనేదో చేశాననుకుని నేనూ ముఖం ముడుచుకున్నాను. చివరికి ఒక రాత్రి ఆయన అన్నారు, ‘నేను ఎవరితో చెప్పుకోను? మా అన్నయ్యతో అంటే, ముందే చెప్పాం కదరా అంటాడు. నీతో అంటే, మా అమ్మ నిన్ను అవమానించిందని నేనే నీకు గుర్తు చేసినట్లు అవుతుంది.’ మగవాళ్లకు స్నేహితులున్నారు కదా అనుకుంటాం. స్నేహితులతో క్రికెట్టు మాట్లాడతారు, రాజకీయాలు మాట్లాడతారు, భూముల ధరలు మాట్లాడతారు. ఇంట్లో ఉక్కపోత గురించి మాట్లాడిన మగవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

అత్తవారింట్లో నాకు తగిలిన మరో మాట ‘మావాడు పైసా కట్నం లేకుండా చేసుకున్నాడు’ అన్నది. మొదట్లో ఈ మాట విని పొంగిపోయేదాన్ని. పోను పోను అది తీరని బాకీలా తయారైంది. కట్నం తెచ్చిన కోడలు కనీసం తెచ్చానని చెప్పుకోగలదు. తేని కోడలు దానికి బదులుగా అణకువను, వంటను, పండుగ పండుగకు ఊరెళ్లి చాకిరీని, ఆడపడుచు పిల్లల ఫీజులప్పుడు చేబదుళ్లను చెల్లించుకుంటూ పోవాలి, అయినా పద్దు మూతపడదు. కట్నం తీసుకోకపోవడం చట్టాన్ని పాటించడమే తప్ప త్యాగం కాదని ఎవరితోనైనా అంటే గొడవకు దిగినట్లు ఉంటుంది. పెళ్లికి ముందు ఆయనను నువ్వు అనేదాన్ని, అత్తగారి ముందు మీరు అనడం మొదలుపెట్టాను, ఇప్పుడు ఇంట్లోనూ మీరే. ఇది పెద్ద నష్టమని అనను. అలవాటయిపోయింది.

చాకిరీ మాట వచ్చింది గనుక అంకెలు చెబుతాను. కేంద్ర గణాంక శాఖ దేశవ్యాప్తంగా చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులకు వాటిని చేసే స్త్రీలు రోజుకు సగటున 2019లో 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. ఆ పనులు చేసే పురుషులు వెచ్చిస్తున్నది 2019లో 97 నిమిషాలు, 2024లో 88 నిమిషాలు. ఐదేళ్లలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గితే, మగవాళ్లది తొమ్మిది నిమిషాలు తగ్గింది. పైగా మగవాళ్ల లెక్కలోకి వచ్చినవారు అసలు ఏదో ఒక ఇంటిపని చేసేవారు మాత్రమే. గరిటె ముట్టనివారు ఆ సగటులో లేనే లేరు. ఈ సర్వే ఎవరిది ప్రేమ పెళ్లి, ఎవరిది కాదు అని అడగలేదు. నాకు తెలిసిన ఇళ్లను బట్టి చూస్తే, అడిగినా ఈ అంకెలు పెద్దగా మారేవి కావని నా అనుమానం.

మా ఇంట్లో ఆ పంపకం పేచీ ఎలా ఉండేదో ఒక ఉదయం సంగతి చెబుతాను. పాలు పొయ్యి మీద ఉన్నాయి, ఒక పక్క కుక్కరు, పాపకు జడ వేస్తున్నాను, గ్యాసు సిలిండరు బుక్ చేయలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఆయన పేపరు మడిచి, ‘ఏం చేయాలో చెప్పు, చేస్తాను కదా’ అన్నారు. ఆయన నిజాయితీగానే అన్నారు. చెప్పిన పని ఎప్పుడూ కాదనలేదు. కానీ ఇడ్లీ పిండికి మినప్పప్పు ముందు రోజు మధ్యాహ్నమే నానబెట్టాలని, పాపకు టీకా ఈ నెలలో ఉందని, పనిమనిషి శనివారం రాదని, ఊరి నుంచి మామగారు వస్తే ఉప్పు తగ్గించాలని గుర్తుపెట్టుకుని, వేళకు ఆ పనిని మరొకరికి పురమాయించడం కూడా పనేనని ఆయనకు తోచలేదు. ఏ సర్వే కూడా ఆ గుర్తుపెట్టుకోవడాన్ని నిమిషాల్లో కొలవలేదనుకోండి. నేను ఆ పూట పాలు దించి, స్టవ్ ఆపేసి, గ్యాసు, పాలు, పనిమనిషి జీతం, కరెంటు బిల్లు ఇకమీదట మీవి, నేను గుర్తు చేయను అన్నాను. తరువాతి నెలలో రెండు రోజులు కరెంటు కుక్కరు మీద వండుకున్నాం. ఆ తరువాత సిలిండరు ఎప్పుడూ అయిపోలేదు.

అమ్మాయి పుట్టాక నాన్నగారు బారసాలకు వచ్చారు. రాకపోకలు తెగిపోయిన కుటుంబాలు చాలావరకు మనవల పేరు మీదనే కలుస్తాయి. మావీ అలాగే కలిశాయి. జరిగినదాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, ఎవరూ ఎవరినీ క్షమించమని అడగలేదు. నాన్నగారు ఉయ్యాల గొలుసులు సరిగ్గా ఉన్నాయో లేదో రెండు సార్లు లాగి చూసి, అల్లుడితో వరంగల్ వైపు ఈసారి పత్తి ఎలా ఉందని అడిగారు. ఆ రాత్రి అమ్మ నా పక్కన పడుకుని, ‘బాగా చూసుకుంటాడా?’ అంది. అన్నేళ్లలో నా కాపురం గురించి నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. ‘బాగానే’ అన్నాను. నిజానికి ఆ వారం మా ఇద్దరికీ మాటలు లేవు. ఆ మాట అమ్మతో అంటే, మేమందరం చెప్పినదే నిజమైంది అని ఆమె అనకపోయినా, అనుకుంటుందని నాకు తోచింది.

ప్రేమించి చేసుకున్నవారు చెడిపోయిన కాపురాన్ని కూడా లాక్కొస్తూ ఉండడానికి ఈ ఆత్మాభిమానమే ప్రధాన కారణమని నేను నమ్ముతాను. విడాకులకు చట్టంలో దారి లేక కాదు. ప్రత్యేక వివాహ చట్టం కింద గాని, 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద గాని, ఏడాది పాటు విడిగా ఉన్న దంపతులు పరస్పర అంగీకారంతో దరఖాస్తు చేసుకోవచ్చు. హిందూ వివాహ చట్టంలో దరఖాస్తు తరువాత ఆగవలసిన ఆరు నెలల గడువును కూడా, కలిసే ఆశ లేదని తేలినప్పుడు కోర్టు సడలించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఇల్లు దాటలేక హింస పడుతున్నవారికి 2005 నాటి గృహహింస చట్టం ఉంది. అయినా మా ఆఫీసులో ఒకామె, ప్రేమించి పెళ్లాడిన భర్త చేతి దెబ్బలు పూర్తి చేతుల జాకెట్ల కింద దాచుకుని, మండు వేసవిలో కూడా అలాగే వచ్చేది. ఎందుకమ్మా అని నిలదీస్తే, ‘మా వాళ్లు గెలుస్తారండీ’ అంది. పెళ్లి తల్లిదండ్రుల మీద వేసిన పందెమైనప్పుడు, ఆ పందెం ఓడిపోయామని ఒప్పుకోవడం కన్నా దెబ్బలే తేలికగా కనిపిస్తాయి. కుటుంబాలు ఈ స్థితిని కల్పించి, తరువాత ఆ అమ్మాయి ఎందుకు చెప్పలేదని ఆశ్చర్యపోతాయి.

ఆస్తి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పుట్టింటి తలుపు మూసుకోవడంలో దాని పాత్ర పెద్దదే. మాట వినని కూతురికి ఆస్తిలో చిల్లిగవ్వ కూడా ఇవ్వబోమని చాలా ఇళ్లలో అంటారు, ఆ అమ్మాయిలూ అదే నిజమనుకుంటారు. తండ్రి తన కష్టార్జితాన్ని వీలునామా ద్వారా ఎవరికైనా రాసుకోవచ్చు, దాన్ని అడ్డుకోలేం. పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తిలో మాత్రం కూతురికి కొడుకుతో సమానమైన హక్కు పుట్టుకతోనే వస్తుంది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు ఈ హక్కు ఇచ్చింది. కేంద్ర చట్టానికి ఆ సవరణ 2005లో వచ్చింది. ఎవరిని పెళ్లి చేసుకున్నదన్న దాన్ని బట్టి ఆ హక్కు పోదు. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడితే ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్లేనన్న పాత నిబంధన కూడా, దంపతులిద్దరూ హిందువులైతే వర్తించకుండా 1976లోనే మార్చారు. నేను మా అన్నయ్యతో వాటా మాట ఎత్తలేదు, ఎత్తే ఉద్దేశమూ లేదు. కానీ హక్కు లేదనుకుని ఊరుకోవడం వేరు, ఉందని తెలిసి ఊరుకోవడం వేరు. రెండోది చేసిన మనిషి పుట్టింటి గుమ్మంలో తల వంచుకుని నిలబడదు.

మా కాపురం నిలబడడానికి ప్రేమ ఎంత కారణమో, సాక్షి సంతకం పెట్టిన ఒక స్నేహితుడి భార్య కూడా అంతే కారణమంటే మా ఆయన నొచ్చుకోరు. ఆమె నాకన్నా కొంచెం పెద్దది, పెద్దలు కుదిర్చిన పెళ్లి ఆమెది. ఒకసారి నేను ఏదో చెప్పబోయి, ఎప్పటిలాగే మింగేసి, ‘ఏం లేదులెండి, నేను చేసుకున్నదే కదా’ అన్నాను. ఆమె కందిపప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టి, ‘అయితే? కొనుక్కున్న చీర చిరిగితే చిరిగిందని చెప్పకూడదా?’ అంది. ఆ రోజు రెండు గంటలు మాట్లాడాను. ఆమె ఒక్క సలహా ఇవ్వలేదు, ఎవరినీ తిట్టలేదు, మా ఆయనకు ఫోను చేస్తానని బెదిరించలేదు. ఆ తరువాత నేను ఇంట్లో అరవవలసిన విషయాలు సగానికి తగ్గాయి. మిగిలిన సగం అరవవలసినవే, అవి అరిచాను. ఆయన కూడా క్రమంగా నా మాటలను తనను చేసుకున్నందుకు పశ్చాత్తాపంగా వినడం మానుకున్నారు. నేను ఆయన మౌనాన్ని విసుగుగా వినడం మానుకున్నాను. పెళ్లికి ముందు మాకు ఉన్నది ప్రేమ కాదని కాదు. అప్పుడు మేము ఒకరి గురించి ఒకరం మంచి మాత్రమే వినగలిగేవాళ్లం.

ఈ మధ్య మా పిన్ని కూతురు ప్రేమించినవాణ్ణి పెళ్లి చేసుకుంటానంది. ఈ తరంలో పెద్దలు మునుపటంత మొండిగా లేరు. నెల రోజుల అలకతో పిన్ని, బాబాయి దిగివచ్చారు, గుళ్లో పెళ్లి చేసి, రిజిస్టరు కూడా చేయించారు. సాక్షిగా సంతకం పెట్టమని నన్ను అడిగితే, ఆ పిల్లనూ ఆ అబ్బాయినీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక షరతు పెట్టాను: ఏ తగువు వచ్చినా, ఎంత చిన్నదైనా, ఇద్దరిలో ఎవరైనా నాకు ఫోను చేయవచ్చు, నువ్వు కోరి చేసుకున్నదే కదా అన్న మాట నా నోట రాదు. ‘మాకు అంత అవసరం రాదక్కా’ అని అబ్బాయి నవ్వాడు. పెళ్లయిన మూడో వారంలో మా చెల్లెలు ఫోను చేసింది. జీతం పెరిగిన సంగతి అతను వాళ్ల అమ్మకు చెప్పాడట, తనకు చెప్పలేదట, వాట్సాప్‌లో అత్తగారి అభినందనలు చూసి తెలుసుకుందట. ఆమె చెప్పడం పూర్తి కాకముందే అబ్బాయి పక్క నుంచి ఫోను తీసుకుని తన వాదన మొదలుపెట్టాడు. ఆదివారం ఇద్దరినీ భోజనానికి రమ్మన్నాను.